తెరుచుకోని ఫైలు

రెండు లుంగీలు. మూడు చొక్కాలు. ఒక దుప్పటి. బీపీ మాత్రలు. కళ్ళజోడు పెట్టె.

చిన్నమ్మ ఒక్కొక్కటే సంచిలో సర్దుతోంది. జోగయ్య ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు.

"ఒంటిగంట బండికి ఎల్లిపో. పార్వతీపురంలో మా తమ్ముడున్నాడు. నాల్రోజులు ఆడి కాడుండు," అంది చిన్నమ్మ.

"నానెల్లను."

"జైల్లో ఏసేస్తారయ్యా! నీ వయసేటి, నీ ఒళ్ళేటి?"

"ఎయ్యనీ. పారిపోతే నానే సేసినట్టవుద్ది. సెయ్యని పనికి నానెందుకు పరిగెత్తాల?"

చిన్నమ్మ దుప్పటి మళ్ళీ సంచిలో కుక్కింది. జోగయ్య మళ్ళీ లాగాడు. అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఇద్దరి చేతులూ దుప్పటి మీదే ఆగిపోయాయి.

సబ్ ఇన్‌స్పెక్టర్ ఉమారాణి. వెనక హెడ్ కానిస్టేబుల్ సాహు.

2019 నవంబరు 27, బుధవారం. ఉదయం తొమ్మిది నలభై.

ఉమారాణి చూపు సంచి మీద పడింది.

"ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికీ నేదమ్మా. మా ఆడమనిషి సర్దతంది, నాను తీసేస్తన్నాను. పొద్దుట్నించీ ఇదే పని," అన్నాడు జోగయ్య.

పారిపోయేవాడు ఇలా మాట్లాడడు. ఉమారాణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆమె రాయపూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊరి పోలీస్ స్టేషన్లో తెలుగు బాగా వచ్చినది ఆమె ఒక్కదానికే. అందుకే ఇన్‌స్పెక్టర్ ఈ కేసు ఆమె బల్ల మీద పడేశాడు. "మీ వాళ్ళే కదా, నువ్వే తేల్చు. సాయంత్రం నాలుగింటికి అరెస్టు కాగితం నా ముందుండాలి," అన్నాడు.

ఆరు గంటలు. అంతే ఉంది.

కేసు ఇదీ.

నవంబరు 14, గురువారం. రాయపూర్ శివార్లలో, టాటీబంధ్ దాటాక ఉన్న ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఉత్సవం. ఏడాదిగా ఒక్క ప్రమాదం కూడా జరగలేదని బ్యానర్ కట్టి, లడ్డూలు పంచారు. పదకొండు ఇరవైకి క్రేన్ గొలుసు తెగింది. కింద పనిచేస్తున్న యుగంధర్ అక్కడికక్కడే పోయాడు.

గొలుసు ఎందుకు తెగిందో ఎవరూ అడగలేదు. అడిగే లోపల ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ ఎంక్వైరీకి ఒక ఫోటో ఇచ్చాడు. ప్రమాదానికి రెండు నిమిషాల ముందు తీసింది. పన్నెండు, పద్దెనిమిది అంగుళాల పెద్ద ప్రింటు. ముందు వరుసలో ఆఫీసర్లు నవ్వుతున్నారు. వెనక క్రేన్ పక్కన యుగంధర్. తల మీద హెల్మెట్ లేదు. దువ్విన జుత్తు స్పష్టంగా కనిపిస్తోంది. నియమం పాటించలేదు కాబట్టి తప్పు చచ్చిపోయినవాడిదే అని రాసి ఫైలు మూయబోయారు.

యుగంధర్ భార్య నళిని ఆ ఫోటో చూసింది. ఒకే మాట అడిగింది.

"నా మనిషికి జుత్తెక్కడిది?"

యుగంధర్ తండ్రి అక్టోబరు 31న పోయాడు. నవంబరు 9న పదో రోజు. ఆ రోజు కొడుకు గుండు చేయించుకున్నాడు. పోస్ట్‌మార్టమ్ ఫోటోల్లో కూడా గుండే ఉంది. అయిదు రోజుల్లో ఎవరికీ అంత జుత్తు మొలవదు. అంటే ఆ జుత్తు ఎవరో అతికించారు. ఎందుకు అతికించారు? అక్కడున్న హెల్మెట్ తుడిచేశారు కనుక.

ఫోటో పండరీ బట్టల బజారులోని అమ్మిరాజు స్టూడియోలో తయారైంది. "ఫోటోలు దిద్దే పనంతా జోగయ్యదే," అన్నాడు అమ్మిరాజు. జోగయ్య కంప్యూటర్లో 'ఫ్యాక్టరీ 14-11' అనే ఫోల్డర్ దొరికింది. అందులో రెండు ఫైళ్ళు. ఒకటి కెమెరాలోంచి వచ్చిన రా ఫైలు. దాని పక్కనే జుత్తున్న ఫోటో. ప్రింటు పంపిన కవరు మీద జోగయ్య చేతిరాత.

ఇక ఏం కావాలి? దొంగ సాక్ష్యం తయారుచేసిన నేరం. అరవై రెండేళ్ళ మనిషి జైలుకి వెళ్తాడు.

"కవరు మీద రాసింది మీరేనా?" అని అడిగింది ఉమారాణి.

"నానే. షాపులో కవర్లన్నీ ముందే నానే రాసి పెడతాను. మిగిలినోళ్ళ రాత కోడి కెలికినట్టుంటాది."

"కంప్యూటర్ మీదేనా?"

"నాదే."

"యుగంధర్ మీకు తెలుసా?"

జోగయ్య గొంతు కాస్త తగ్గింది.

"తెల్సు. పన్నెండో తారీకున షాపుకొచ్చాడు. వాళ్ళ నాన్న ఫోటో పెద్దది సేయించుకున్నాడు, దండెయ్యడానికి. టోపీ తీసి నా ఎదురుగుండా కూకున్నాడు. నున్నటి గుండు తడుముకుంటా, నాన్న నవ్వుతున్న ఫోటోయే పెట్టండి అన్నాడు."

ఉమారాణి కలం ఆగింది.

జుత్తు లేదని తెలిసిన మనిషి జుత్తెందుకు అతికిస్తాడు?

కానీ ఇది మాట. రుజువు కాదు. మరిచిపోయాడేమోలే అంటాడు ఇన్‌స్పెక్టర్. ఆమె ఫైలు తిప్పింది. సాహు హిందీలో అడిగి రాసుకున్న పాత వాంగ్మూలం మూడు పేజీలుంది. చివరి వాక్యం దగ్గర ఆమె వేలు నిలిచింది. 'నిందితుడు కంప్యూటర్ గురించి సంబంధం లేని మాటలు మాట్లాడాడు.'

"సాహూజీ, ఏం మాట్లాడాడు?"

"అరే మేడమ్, నలభై నిమిషాలు! అప్‌డేట్ అంట, వర్షన్ అంట. కెమెరాని తిట్టాడు, కంపెనీని తిట్టాడు. సర్ దర్ద్ హో గయా, తలనొప్పి వచ్చేసింది. అవన్నీ ఎక్కడ రాస్తాం?"

ఉమారాణి జోగయ్య వైపు తిరిగింది.

"ఆ నలభై నిమిషాలూ మళ్ళీ చెప్పండి."

జోగయ్య నమ్మలేనట్టు చూశాడు. ఈ సంగతి చెప్పమని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెప్పొద్దని మాత్రం చాలామంది అన్నారు.

"అమ్మా, ఆ మాటెత్తకు! సాయంత్రం దాకా ఆపడు," అంది చిన్నమ్మ.

"నువ్వుండు. అడిగింది పోలీసమ్మ," అని జోగయ్య సర్దుకుని కూర్చున్నాడు. "2012లో ఆ సాఫ్ట్‌వేర్ డిస్కు కొన్నాను. నా సొంతం. రాత్రీ పగలూ కూకుని నాకు నానే నేర్సుకున్నాను. ఇప్పుడు కంపెనీవోడు అమ్మడంట. నెలనెలా అద్దె కట్టాలంట. నా సేతిలో పనికి నానద్దె కట్టడమేటి?"

"అప్‌డేట్ చేస్తే ఏమవుతుంది?"

"ఒకపాలి సేసినాను. అమ్మిరాజుగారు పోరు పెడితే, 2016లో. మర్నాటికి బటన్లన్నీ ఎగిరెల్లి వేరే సోట కూకున్నాయి. సొంతింట్లో సీకట్లో తడుముకున్నట్టయింది. ఆ పైన డిస్కు నిండిపోవడం. ఎందుకని సూస్తే, ఏ ఫోటో మీద ఏ పని సేసామో రాసుకునే సిట్టా ఒకటుంటాది. అప్‌డేట్ అయినప్పుడల్లా ఆ పాత సిట్టాని కాపీ తీసి ఓ మూల దాసీసుకుంటాది. మనకి సెప్పదు. పెళ్ళిళ్ళ సీజన్లో మిషను పీక నొక్కినట్టు ఆగిపోయింది. ఆ రోజే పాత డిస్కు మళ్ళీ ఎక్కించినాను. ఇంటర్నెట్ తీగ కత్తెరతో కత్తిరించీసినాను. ఇంకెవడూ నా మిషన్లోకి రానేడు."

"కెమెరాని ఎందుకు తిట్టారు?"

"దీపావళికి అమ్మిరాజుగారి అల్లుడు బాబు, యోగేష్, కొత్త కెమెరా కొన్నాడు. దాని రా ఫైలు నా మిషన్లో తెరుసుకోదు. ఈ రకం నాకు తెలీదంటాది. సాఫ్ట్‌వేర్ మార్సాలంట. అది ఎక్కాలంటే విండోస్ మార్సాలంట. విండోస్ మారిస్తే మా ప్రింటర్ పలకదంట. అన్నీ మార్సీసాక ఇంక నన్ను మార్సడమొక్కటే మిగులుద్ది."

"రా ఫైలంటే ఏమిటి?"

"కెమెరా సూసింది సూసినట్టు. బియ్యమనుకో. ఎన్నిసార్లు వండినా అన్నం వేరే గిన్నెలోకే వస్తాది. బియ్యం బియ్యంగానే ఉంటాది. రా ఫైలు మీద ఎవడూ గీత గీయనేడు."

"మరి కొత్త కెమెరా ఫోటోలు మీరెలా దిద్దుతున్నారు?"

"కెమెరామాన్ తరుణ్ మంచోడు. నాకోసం ఏ మిషన్లోనైనా తెరుసుకునే మామూలు జేపీజీ కూడా తీసి పెడతాడు. దాని మీద సేస్తాను."

ఉమారాణి ముఖం మళ్ళీ బిగిసింది. జేపీజీ ఉంటే ఈయన కూడా చేసి ఉండవచ్చు. మొత్తం కేసు ఆ ఒక్క ముడి మీద నిలబడి ఉంది.

"పదండి షాపుకి. సాహూజీ, నళినిగారిని కూడా అక్కడికే రమ్మనండి."

పదకొండు ఇరవై. పండరీ.

బట్టల మూటల మధ్య సన్నటి మెట్లు. పైన స్టూడియో. అమ్మిరాజు లేచి నిలబడ్డాడు. నుదుట చందనం బొట్టు, ముఖంలో కంగారు. ఆయన పక్కన అల్లుడు యోగేష్, ముప్ఫై ఏళ్ళవాడు, ఒళ్ళో లాప్‌టాప్. కెమెరామాన్ తరుణ్ గోడకి ఆనుకుని ఉన్నాడు. నళిని చివరి కుర్చీలో కూర్చుంది.

"ముప్ఫై ఏళ్ళ నుంచి నా దగ్గరున్న మనిషి మేడమ్," అన్నాడు అమ్మిరాజు. "ఇలా చేస్తాడనుకోలేదు. ఎవరు డబ్బు ఆశ పెట్టారో ఏమో."

"నా మొహం సూసి సెప్పండి ఆ మాట," అన్నాడు జోగయ్య.

అమ్మిరాజు చూడలేదు.

ఉమారాణి తరుణ్ దగ్గరికి వెళ్ళింది.

"14న ఏ కెమెరాతో తీశావు?"

"కొత్తది మేడమ్."

"ఫైళ్ళు?"

"రా ఒక్కటే."

"ఎప్పుడూ జేపీజీ కూడా తీస్తావటగా?"

"తీస్తాను, జోగయ్య తాత కోసం. ఆ రోజు వద్దన్నారు. కార్డులో చోటు చాలదు, రా ఒక్కటే పెట్టు అన్నారు."

"ఎవరన్నారు?"

"యోగేష్ భయ్యా."

"జేపీజీ ఒక్కటి కూడా లేదా?"

"ఒక్కటి కూడా లేదు మేడమ్."

"కార్డు ఎవరికిచ్చావు?"

"భయ్యాకే. మర్నాడు, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకి. తర్వాత ఆ కార్డు మీద మూడు పెళ్ళిళ్ళు తీశాం. పాతవి చెరిగిపోయాయి."

"ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు మేడమ్."

యోగేష్ నవ్వాడు. "కార్డులోంచి కాపీ చేసి ఫైళ్ళు తాతకే ఇచ్చాను. దాస్తే కదా? ఆయన మిషన్లోనే దొరికాయిగా."

"దొరికాయి," అంది ఉమారాణి. "రండి, చూద్దాం."

జోగయ్య కంప్యూటర్ లోపలి గదిలో సీలు వేసి ఉంది. ఇద్దరు సాక్షుల ముందు ఆమె సీలు తీయించింది. మిషను వెనక రెండంగుళాల తీగ మొండిగా వేలాడుతోంది. దాని చివర కత్తెర కోత.

"మీరే కూర్చోండి, యోగేష్‌గారూ. ఆ రా ఫైలు తెరవండి."

యోగేష్ కూర్చున్నాడు. ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు.

తెర మీద బూడిద రంగు డబ్బా వచ్చింది. 'ఈ ఫైలు రకాన్ని గుర్తించలేకపోతున్నాం.'

మళ్ళీ నొక్కాడు. అదే డబ్బా. సాఫ్ట్‌వేర్ ముందు తెరిచి, లోపలి నుంచి ప్రయత్నించాడు. అదే డబ్బా. నాలుగోసారి. ఐదోసారి.

"కన్వర్టర్ వేసుకుని ఫైలు రకం మారిస్తే..."

"విండోస్ సెవెన్ మీద ఎక్కదు బాబూ," అన్నాడు జోగయ్య గుమ్మంలోంచి. "తరుణ్ పెన్ డ్రైవ్‌లో తెస్తే ఎక్కించి సూసినాను. ఛీ పొమ్మంది."

"ఐదుసార్లు నొక్కారు. చాలు," అంది ఉమారాణి.

ఆమె అమ్మిరాజు వైపు తిరిగింది.

"ఎంక్వైరీకి ఇచ్చిన ప్రింటు పెద్దది. వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది. అలాంటిది తయారుకావాలంటే ఈ రా ఫైలు తెరవాలి. వేరే దారి లేదు, ఆ రోజు జేపీజీ తీయనే లేదు. ఈ మిషను ఆ ఫైలు తెరవదు. ఎప్పుడూ తెరవలేదు. జోగయ్యగారు ఆ హెల్మెట్ తుడవలేదు. తుడవాలన్నా ఆయనకి ఆ ఫోటో కనిపించను కూడా కనిపించదు."

ఆమె తెర మీది ఫోల్డర్ చూపించింది.

"ఈ రెండు ఫైళ్ళూ పెన్ డ్రైవ్‌తో ఇక్కడ పెట్టిన మనిషి గట్టి రుజువు పెడుతున్నాననుకున్నాడు. ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకుంటే ముసలాయన తప్పించుకునే దారి ఉండేది కాదేమో. నమ్మకంగా ఉండాలని పక్కన రా ఫైలు కూడా పెట్టాడు. అది ఇక్కడ తెరుచుకోదని అతనికి తెలియదు."

"కానీ జోగయ్య రోజూ చెప్తూనే ఉన్నాడు కదా..." అన్నాడు అమ్మిరాజు. అని, ఆగిపోయాడు. అప్పుడు జోగయ్య ముఖంలోకి చూశాడు. "టీ తాగేటప్పుడు చెప్పాడు. తాళం వేసేటప్పుడు చెప్పాడు. మాకు నవ్వులాటగా ఉండేది. ఒక్కరోజు కూడా చెవిని వేసుకోలేదు."

"రాయపూర్లో నూరు స్టూడియోలున్నాయి," అన్నాడు యోగేష్ లేస్తూ. "ఎవరైనా చేసి ఉండొచ్చు."

"నిజమే. మీ లాప్‌టాప్ తెరవండి."

అతను వెంటనే తెరిచాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. సాఫ్ట్‌వేర్ చిట్టా చూపించాడు. నవంబరు 13 ఉంది. నవంబరు 16 ఉంది. నడుమ 14 తారీకు ఫోటో ఒక్కటి కూడా లేదు.

"చూసుకోండి మేడమ్. ఏమీ లేదు."

అతని గొంతులో ధైర్యం తిరిగొచ్చింది. సాహు ఉమారాణి వైపు చూశాడు. పన్నెండు ఐదు అయింది.

"జోగయ్యగారూ, అప్‌డేట్ అయినప్పుడల్లా పాత చిట్టాని ఎక్కడ దాస్తుందన్నారు?"

యోగేష్ చెయ్యి లాప్‌టాప్ మూత మీదికి వెళ్ళింది. సాహు చెయ్యి దాని మీద పడింది.

జోగయ్య కళ్ళజోడు సర్దుకుని వంగాడు. ఒక ఫోల్డర్. దాని లోపల ఇంకొకటి. దాని లోపల పొడుగు పేరున్న మూడోది.

"ఇదిగోనమ్మా. పాపిష్టిది, ఇక్కడే ఉన్నాది. పద్దెనిమిదో తారీకున అప్‌డేట్ అయింది."

పాత చిట్టా తెరిచారు. నవంబరు 15, శుక్రవారం. సాయంత్రం ఆరు పది. ఆ రా ఫైలే. చేసిన పనులు వరసగా ఉన్నాయి. హెల్మెట్ తుడవడం. వెలుగు సరిచేయడం. జుత్తు అతికించడం. జుత్తు తీసుకున్న ఫోటో పేరు కూడా ఉంది. పోయినేడాది ఫ్యాక్టరీ పిక్నిక్.

"నళినిగారు ఫిర్యాదు చేసింది 22న," అంది ఉమారాణి. "మీరు చిట్టా చెరిపింది ఆ తర్వాత. కానీ 18నే సాఫ్ట్‌వేర్ కాపీ తీసి దాచేసింది. మీకు చెప్పకుండా."

యోగేష్ లాప్‌టాప్ మీంచి చెయ్యి తీసేశాడు.

"సేఫ్టీ ఆఫీసర్ ముందే ఫోన్ చేశాడా? రా ఒక్కటే తీయమన్నది అందుకేనా?"

"లేదు మేడమ్! కార్డులో చోటు చాలదన్నది నిజమే. ఆ ఫోన్ ప్రమాదం అయ్యాక, మర్నాడొచ్చింది." "పెళ్ళి ఫోటోల్లో కరెంటు తీగలు తీసేస్తాం. పెళ్ళికూతురి మొహం మీద మచ్చ తీసేస్తాం. ఒక్క హెల్మెట్ తీసెయ్ అన్నాడు. ఇదీ అంతే కదా అనుకున్నాను. జుత్తు కూడా వేరేవాళ్ళది పెట్టలేదు, అతనిదే పెట్టాను. చచ్చిపోయిన మనిషికి ఏం నష్టం అనుకున్నాను."

"మరి నానో?" అన్నాడు జోగయ్య. "నాను సావలేదు కదా బాబూ."

అమ్మిరాజు అల్లుడి భుజం పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పటిదాకా కదలని నళిని లేచింది.

"ఆ అసలు ఫోటో సూపించండి."

జోగయ్య రా ఫైలుని తన మిషన్లోంచి పెన్ డ్రైవ్‌తో తెచ్చి యోగేష్ లాప్‌టాప్‌లో నొక్కాడు. కొత్త లాప్‌టాప్ దాన్ని రెండు క్షణాల్లో తెరిచింది. నవ్వుతున్న ఆఫీసర్ల వెనక, క్రేన్ పక్కన, పసుప్పచ్చ హెల్మెట్. నళిని చెప్పకుండానే జోగయ్య ఆ ముఖాన్ని పెద్దది చేశాడు.

ఆమె చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని తరుణ్ మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

"గెడ్డం కింద బెల్టు కూడా పెట్టుకున్నాడు," అంది.

తర్వాత ఉమారాణి వైపు తిరిగింది.

"హెల్మెట్ సంగతి తేలిపోయింది. ఇప్పుడు గొలుసు సంగతి అడగండి. ఎన్నాళ్ళ పాతదో, ఎవరు మార్సలేదో. మీరు అడక్కపోతే నానే ఎల్లి ఆ గేటు కాడ కూకుంటాను. లెగమన్నా లెగను."

"ఫ్యాక్టరీ వాళ్ళు పెద్దవాళ్ళు మేడమ్," అని గొణిగాడు సాహు.

"జీపు తీయండి, సాహూజీ," అంది ఉమారాణి. "ముందు సేఫ్టీ ఆఫీసర్. ఆ తర్వాత గొలుసు కొన్న తేదీ."

అమ్మిరాజు మెట్ల దాకా జోగయ్య వెంట వచ్చాడు.

"రేపట్నుంచి రా జోగయ్యా. కొత్త కంప్యూటర్ నీకే ఇస్తాను."

"వస్తాను. నా మిషనుకే వస్తాను. తీగ మాత్రం తగిలించను," అన్నాడు జోగయ్య. "ముందు నా మీద రాయించిన మాట తప్పని మీ సేత్తో రాసివ్వండి. అది ఇంట్లో సూపించాల."

అమ్మిరాజు అక్కడే మెట్టు మీద కూర్చుని రాసిచ్చాడు.

నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద అరెస్టు కాగితం ఉంది. అందులో పేరు యోగేష్‌ది. దాని కింద రెండో కాగితం, యుగంధర్ మరణం మీద కొత్త ఎఫ్.ఐ.ఆర్. ఇన్‌స్పెక్టర్ రెండోది చదివి తలెత్తాడు.

"ఇది నేను అడగలేదే?"

"లేదు సర్," అంది ఉమారాణి. "నళినిగారు అడిగారు."

ఆమె అక్కడే నిలబడింది. సంతకం అయ్యేదాకా కదల్లేదు. ఆ రెండో కాగితం ఇలా మొదలవుతుంది.

యుగంధర్, వయసు ముప్ఫై నాలుగు, 2019 నవంబరు 14 గురువారం ఉదయం ఆరు యాభైకి డ్యూటీకని ఇంట్లోంచి బయల్దేరాడు. తిరిగి రాలేదు.